సంగీతంలో సిద్ధాంత గ్రంథం: చెవి దగ్గర మొదలుపెట్టండి

(విశాఖపట్నంలో సంగీతం ఎం.ఏ., పీహెచ్‌డీ విద్యార్థులకు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడులో నా మాట వినిపించకపోతే చెయ్యి ఎత్తండి. ఆగి మళ్ళీ చెబుతాను.

మొదట ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ గాత్రం వాళ్ళు ఎంతమంది? సగం పైనే. వయొలిన్? వీణ? మృదంగం ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, సంతోషం. ఇప్పుడు చెప్పండి, చిన్నప్పటి నుంచి సాధన చేస్తూ వచ్చినవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ చేతులెత్తారు. పక్కవాళ్ళ శ్రుతి కాస్త జారితే మీ ముఖం మారుతుంది. తోడి పాడుతున్నారో ధన్యాసి పాడుతున్నారో రెండు ముక్కలు వినగానే చెబుతారు. అలాంటి చెవి ఉన్నవాళ్ళు మీరు. ఆ చెవి మీ సిద్ధాంత గ్రంథంలో ఎక్కడ ఉంది? ఏ పేజీలో ఉంది? నేను ఇవాళ అడగదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఎందుకు అడుగుతున్నానంటే, సంగీతం మీద వచ్చే సిద్ధాంత గ్రంథాలను ఏళ్ళ తరబడి చదువుతున్నాను. చాలావాటిలో మొదటి అధ్యాయం సామవేదంతో మొదలవుతుంది. రెండోది భరతుడు, మతంగుడు, శార్ఙ్గదేవుడు లాంటి పాత సంగీత శాస్త్రకారులు. మూడోది వాగ్గేయకారుని జీవిత చరిత్ర. ఈ మూడూ పూర్తయ్యేసరికి నూట యాభై పేజీలు దాటతాయి. అప్పటివరకు ఒక్క స్వరం వినిపించదు. ఆ నూట యాభై పేజీలూ సంగీతం రానివారు కూడా రాయగలరు. అవునా, కాదా? పుస్తకాలు ముందు పెట్టుకుని ఎవరైనా రాయగలరు. మీరు మాత్రమే రాయగలిగినది ఎక్కడ ఉంది? నాలుగో అధ్యాయంలో, హడావుడిగా, గడువు దగ్గర పడ్డాక రాసిన ముప్పై పేజీల్లో ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

సరే, అంశం ఎంచుకోవడం దగ్గర నుంచి చూద్దాం. అంశం ఏమిటమ్మా అంటే 'అన్నమాచార్య సంకీర్తనలలో సంగీత వైభవం' అంటారు. 'త్యాగరాజ కృతులు, ఒక పరిశీలన' అంటారు. వైభవం ఉందని మనందరికీ ముందే తెలుసు. ముందే తెలిసినదాన్ని మూడు వందల పేజీల్లో మళ్ళీ చెబితే అది పరిశోధన అవుతుందా? స్తోత్రం అవుతుంది. స్తోత్రం మంచిదే, దాని చోటు వేరు.

అన్నమయ్య మాట వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఉందాం. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ముప్పై రెండు వేల సంకీర్తనలు రచించారని ప్రసిద్ధి. వాటిలో సగం కూడా మనకు దొరకలేదు. దొరికినవి తిరుమలలోని రాగి రేకుల మీద ఉన్నాయి. ఆ రేకుల మీద ఏముంది? సాహిత్యం ఉంది. దాని మీద రాగం పేరు ఉంది. స్వరలిపి, అంటే ఏ అక్షరాన్ని ఏ స్వరంలో పాడాలో చూపే రాత, లేదు. ఈ మాట మళ్ళీ చెబుతాను, రాసుకోండి. స్వరలిపి లేదు. మనం ఇవాళ పాడే వరుసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారు కట్టారు, బాలమురళీకృష్ణ గారు కట్టారు, మన విశాఖపట్నంలోనే స్థిరపడి 2014లో ఇక్కడే కన్నుమూసిన నెదునూరి కృష్ణమూర్తి గారు కట్టారు.

ఇప్పుడు 'నానాటి బతుకు నాటకము' తీసుకోండి. రేవతిలో పాడతాం. అది పట్టుకుని 'అన్నమయ్య వైరాగ్య భావానికి రేవతి రాగాన్ని ఎంత ఔచిత్యంతో ఎంచుకున్నారో' అని రాస్తే ఏమవుతుంది? రేవతిని ఎంచుకున్నది నెదునూరి వారు. అన్నమయ్య కాదు. ఆ ఒక్క వాక్యంతో అయిదు వందల ఏళ్ళ దూరం చెరిగిపోయింది. రేకు మీద ఆ సంకీర్తనకు ఏ రాగం పేరు ఉందో మీరే వెళ్ళి చూడండి. ఇంకెవరినో అడగవద్దు, ముద్రిత సంపుటాలు గ్రంథాలయంలో ఉంటాయి.

మరి అన్నమయ్య మీద పరిశోధన చేయకూడదా? ఎందుకు చేయకూడదు? తప్పకుండా చేయాలి, అడిగే తీరు మార్చి చేయాలి. రేకుల మీద సామంతం, పాడి, గుండక్రియ, సాళంగనాట లాంటి పేర్లు పదే పదే కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి తన సంగీత శాస్త్ర గ్రంథం చతుర్దండి ప్రకాశికలో ఈ రాగాలకు లక్షణం చెప్పారు. రేకుల్లో ఏ రాగానికి ఎన్ని సంకీర్తనలు ఉన్నాయి? వాటిలో ఏవి తరువాతి కాలంలో వాడుక తప్పాయి? ఇది ఒక ప్రశ్న. దీనికి ఓపిక కావాలి, లెక్క కావాలి, లక్షణ గ్రంథాలు చదవగలగాలి. మరో ప్రశ్న: అన్నమయ్య చరణాల్లో పాదాలు పొడవుగా, ఒకదానికొకటి కొలత కుదరకుండా ఉన్నప్పుడు, నెదునూరి వారు వాటిని తాళంలో ఎలా ఇమిడ్చారు? ఎక్కడ అక్షరాన్ని సాగదీశారు, ఎక్కడ రెండక్షరాలను ఒక అక్షరకాలంలో, అంటే తాళంలో ఒక లెక్కలో, కుదించారు? ఎక్కడ ఎత్తుకున్నారు, తాళం మొదలుతో పాటు సమంలోనా, తాళం మొదలైన తరువాత అనాగతంలోనా? ఈ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ధ్వనిముద్రికల్లో ఉంది. వినాలి. వినగలిగినవారే దీనికి జవాబు చెప్పగలరు.

తేడా తెలిసిందా? రెండో ప్రశ్న చెవి అడిగింది. పాడుతున్నప్పుడు ఎక్కడో మీకు ఆశ్చర్యం కలిగి ఉంటుంది. ఇదేమిటి, ఇక్కడ ఇలా తిప్పారు అనిపించి ఉంటుంది. ఆ ఆశ్చర్యాన్ని మర్యాదగా పక్కన పెట్టి, అంశం కోసం పాత సిద్ధాంత గ్రంథాల పేర్లు తిరగేస్తారు. అలా చేయకండి. ఆ ఆశ్చర్యమే మీ అంశం.

ఇక ఆధారాలు. మనకు విజయనగరం ఎంత దగ్గర! పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని తిరిగి రావచ్చు. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అదే ఏడాది వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. నాయుడు గారు పుట్టింది బెంగళూరులో అయినా పెరిగింది మన విశాఖపట్నంలో. విజయనగరం బాణీ అనే మాట మనం ఎన్నిసార్లు వింటాం? సభల్లో, సన్మాన పత్రాల్లో, అన్నిచోట్లా వింటాం. ఆ బాణీ అంటే ఏమిటో ఎవరైనా స్వరాల్లో చూపించగలరా? ఏ రాగంలో, ఏ ప్రయోగంలో, ఏ కమాను పట్టులో అది వినిపిస్తుంది? వినిపిస్తుందనే నా నమ్మకం. నమ్మకం ఉంటే చాలదు, చూపించాలి. వయొలిన్ వాళ్ళు చేతులెత్తారు కదా, ఇది మీకోసం చెబుతున్నాను.

ద్వారం వారి గ్రామఫోను రికార్డులు వింటారు. అప్పుడు ఒక జాగ్రత్త. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఆ మూడు నిమిషాల్లో రాగం, కృతి, స్వరం అన్నీ సర్దాలి. అది విని 'వీరి ఆలాపన సంక్షిప్తంగా ఉంటుంది' అని రాయవచ్చా? సంక్షిప్తం చేసింది కళాకారుడా, రికార్డు పళ్ళెమా? సుదీర్ఘ కచేరీ రికార్డింగు ఉంటే దానితో పోల్చకుండా ఆ వాక్యం రాయకూడదు. ఇంకొకటి. ఆ రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంతోనే ముద్రించలేదు. వేగం మారితే శ్రుతీ మారుతుంది, కాలప్రమాణమూ మారుతుంది. కాబట్టి 'వీరు ఫలానా శ్రుతికి వాయించేవారు' అని రికార్డును నమ్మి రాయకండి. షడ్జమం నుంచి మిగతా స్వరాల దూరం మాత్రం వేగం మారినా చెడదు. కొలవదలిస్తే దాన్ని కొలవండి. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించినవాటిలోనూ ఇదే ఇబ్బంది. ఆకాశవాణి రికార్డింగులకు సమయం కట్టుబాటు ఉంటుంది. ప్రతి ధ్వనిముద్రికా ఏదో ఒక పరిమితిలో పుట్టినదే. ఆ పరిమితిని ముందు రాసి, తరువాత నిర్ణయం రాయండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను, ఓపిక పట్టండి. స్వరలిపి. నొటేషన్ అంటున్నాం కదా, అది.

చాలామంది ఆఖరున అనుబంధంలో కొన్ని కృతులకు స్వరం రాసి చేర్చుతారు. పేజీలు నిండుతాయి. ఆ నొటేషన్ గురించి గ్రంథంలో ఒక్క మాట ఉండదు. అలా కాదు. సంగీతంలో నొటేషనే మీ వాదం. అనుబంధంలో దాక్కోవలసినది కాదు, అధ్యాయం నడుమ నిలబడవలసినది.

తోడి గాంధారం తీసుకోండి. ఒకసారి ఎవరైనా పాడండి. రి గ మ గ రి. బాగుంది. ఇప్పుడు కాగితం మీద ఏమని రాస్తారు? గ అని రాస్తారు. సాధారణ గాంధారం అని కింద వివరణ ఇస్తారు. స్థాయిని, అంటే స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా విభజించి చెబితే సాధారణ గాంధారం సుమారు 300 దగ్గర ఉండాలి. శుద్ధ రిషభం సుమారు 100, మధ్యమం సుమారు 500. మరి ఇప్పుడు ఈ అమ్మాయి పాడిన గాంధారం 300 దగ్గర ఆగిందా? ఆగలేదు. రిషభం దగ్గర నుంచి మధ్యమం దాకా ఊగింది. రాసిన చోట అది నిలబడదు. నిలబెట్టి పాడితే అది తోడి కాదు. కాగితం మీద గ అనే అక్షరం ఉంది, గొంతులో ఆ అక్షరం చుట్టూ ఒక కదలిక ఉంది. రాగం ఎక్కడుంది? కదలికలో ఉంది. కదలికను రాయని నొటేషన్ మీద మీరు రాగ విశ్లేషణ ఎలా చేస్తారు?

ఇది కొత్త సమస్య కాదు. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శిని ప్రచురించారు. తెలుగులో. మన లిపిలో. తమిళ దేశంలో కూర్చుని తెలుగు లిపిలో అంత పెద్ద గ్రంథం వేయించారు. అందులో గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు, గుర్తులు పెట్టారు. కంపితం, స్ఫురితం, ప్రత్యాఘాతం, నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒరిక, ఒదుగు, జారు, ఇలా ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు. నూట ఇరవై ఏళ్ళ కిందట ఆయన అంత శ్రమపడి పెట్టిన గుర్తులను మనం ఇవాళ కంప్యూటర్ల కాలంలో వదిలేసి, ఒట్టి స రి గ మ రాసి ఊరుకుంటున్నాం. ఇది తలచుకుంటే నాకు నిజంగా మనసు కలుక్కుమంటుంది.

ఎలా చేయాలి మరి? నేను మా పిల్లల చేత చేయించే పద్ధతి చెబుతాను. పాట మొత్తం ఒకేసారి రాయాలని కూర్చోవద్దు. ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, తీసుకోండి. పది సెకన్లు. కళ్ళు మూసుకుని వినండి. పాడండి. మీ గొంతులో అది అచ్చంగా పలికేవరకు పాడండి. పలికాక రాయండి. రాయడం కన్నా పాడటం ముందు, ఈ క్రమం మార్చవద్దు. తరువాత కంప్యూటర్‌లో పెట్టి నెమ్మదిగా విని సరిచూసుకోండి. సోనిక్ విజువలైజర్, ప్రాట్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. స్వరం ఎటు కదిలిందో గీత గీసి చూపిస్తాయి. ఆ గీత చాలా ఉపయోగం, దాన్ని గుడ్డిగా మాత్రం నమ్మకండి. పక్కన వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తూ ఉంటుంది కదా, యంత్రం ఒక్కోసారి వయొలిన్‌ను పట్టుకుని అదే గాత్రం అనుకుంటుంది. మృదంగం దెబ్బ పడిన చోట గీత తెగుతుంది. ఒక్కోసారి స్థాయి పైకో కిందికో ఎగిరిపోతుంది. గీత ఒకటి చెప్పి, మీ చెవి మరొకటి చెబితే, ఆగి మళ్ళీ వినండి. రెండూ ఎందుకు వేరయ్యాయో తేల్చుకున్నాకే ముందుకు వెళ్ళండి.

ఇంకో మాట. ఆ గీతల బొమ్మలు గ్రంథంలో పెడతారు. పెట్టండి. ప్రతి బొమ్మ కింద అది ఏమి చూపిస్తోందో ఒక వాక్యం ఉండాలి. ఏ రికార్డింగు, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నది ఉండాలి. చదివేవారు ఆ చోటికి వెళ్ళి విని, మీరు చెప్పింది నిజమో కాదో తేల్చుకోగలగాలి. తేల్చుకునే అవకాశం ఇవ్వని మాట పరిశోధనలో చెల్లదు.

మీరు రాసిన నొటేషన్ సరిగా ఉందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ రికార్డింగు వినని తోటి విద్యార్థికి మీ కాగితం ఇవ్వండి. మీరేమీ చెప్పకండి, సైగ కూడా చేయకండి. పాడమనండి. వారి గొంతులో ఆ ప్రయోగం వచ్చిందా? రాకపోతే ఎక్కడ రాలేదు? అక్కడ మీ గుర్తు చాలలేదన్నమాట. అక్కడ దిద్దండి. గ్రంథం పద్ధతుల అధ్యాయంలో ఈ పరీక్ష గురించి కూడా రాయండి. పరీక్షకులకు మీ మీద నమ్మకం కుదిరేది అక్కడే.

పాఠాంతరాల మీద పని చేస్తున్నవారు ఉన్నారా? ఒకరు, ఇద్దరు... మంచిది. త్యాగరాజస్వామి శిష్యుల్లో వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం అని మూడు పరంపరలు ప్రసిద్ధం. ఒకే కృతి ఒక్కో పరంపరలో ఒక్కో తీరున నడుస్తుంది. వాలాజాపేట వారి రాతప్రతులు మధురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఇలాంటి పని మొదలుపెట్టగానే మనకు ఒక తొందర పుడుతుంది. ఏది శుద్ధం, ఏది అపభ్రంశం అని తీర్పు చెప్పాలని. ఆ తీర్పు మీ దగ్గర ఎవరూ అడగలేదు. ఏ సంగతి, అంటే ఒకే పంక్తిని మార్చి పాడే తీరు, ఎక్కడ చేరింది, ఎక్కడ రాలిపోయింది, ఎత్తుగడ ఎక్కడ మారింది, సాహిత్యంలో ఏ మాట దగ్గర మారింది, ఇది చూపించండి. అన్ని పాఠాలనూ ఆవర్తం కింద ఆవర్తంగా పేర్చి రాస్తే మార్పు దానంతట అదే కంటికి కనిపిస్తుంది. మా గురువుగారి పాఠమే సరైనది అని ముందే నిశ్చయించుకుంటే అది కనిపించదు.

గురువుగారి మాట వచ్చింది. ఇది సున్నితమైన విషయం. మనలో చాలామంది తమ గురువుగారి బాణీ మీదే పరిశోధన చేస్తారు. తప్పు లేదు. ఆ బాణీ మీ గొంతులో, వేళ్ళలో ఉంది, బయటివారికి ఏళ్ళు పట్టేది మీకు ముందే తెలుసు. భక్తి ఉండాలి, ఆ భక్తితోనే వారి పాటను మరింత శ్రద్ధగా వినాలి. వారు నోటితో చెప్పినది ఆధారంగా వాడుకుంటే, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు అని రాయండి. వారు చెప్పినదీ వారు పాడినదీ ఒక్కోసారి వేరుగా ఉంటాయి. పెద్ద విద్వాంసులందరికీ ఇది ఉంటుంది. లక్షణం చెప్పేటప్పుడు ఒకలా చెబుతారు, కచేరీలో మనోధర్మం పొంగినప్పుడు మరోలా పాడతారు. అది లోపం కాదు. పరిశోధకుడికి అంతకన్నా విలువైన చోటు లేదు. దాన్ని దాచకండి. 'గురువుగారు ఇలా చెప్పారు, ఫలానా కచేరీలో ఇలా పాడారు' అని రెండూ పక్కపక్కన పెట్టండి. గౌరవ వాచకం తగ్గించనక్కర లేదు. గారు అనే రాయండి. వారిని గౌరవించడం అంటే వారి పాటను ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టడం కూడా.

ఇప్పుడు మన చుట్టూ చూద్దాం. శాస్త్రీయ సంగీతం వాళ్ళమని మనం ఉత్తరాంధ్ర జానపదం వైపు చూడటం తక్కువ. తప్పెటగుళ్ళు ఉన్నాయి, రొమ్ముకు కట్టిన తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ ఎగురుతూ పాడతారు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఉంది. తూర్పు భాగవతం అనే ఆటా పాటా కలిసిన ప్రదర్శన ఉంది. పైకి వెళితే అరకు వైపు గిరిజనుల థింసా నృత్యం ఉంది. నేను చూసినంతలో వీటి కథల మీద, సాహిత్యం మీద, వేషం మీద రాసినవారు ఉన్నారు. గొంతు ఎలా ఎత్తుతారు, ఆధార శ్రుతి ఎవరు ఇస్తారు, ఆట వేగం పెరిగేకొద్దీ నడక ఎలా మారుతుంది, ఇవి రాసినవారు తక్కువ. తాళం చెవికి పట్టినవాళ్ళు మీరు. ఇది మీరు కాకపోతే ఎవరు రాస్తారు?

అయితే వెళ్ళేముందు రెండు మాటలు గుర్తుంచుకోండి. అక్కడి పాటకు మన రాగం పేరు తగిలించాలని ఆత్రపడకండి. 'ఇది ఆనందభైరవి ఛాయ' అని రాయగానే పని అయిపోయిందనిపిస్తుంది. అసలు పని అప్పుడు మొదలు కూడా కాలేదు. వారు ఆ వరుసను ఏమని పిలుస్తారు? ముందు అది అడగండి. రెండోది, అనుమతి. ఫోను జేబులోంచి తీసి రికార్డు చేసేయడం కాదు. ఎందుకు రికార్డు చేస్తున్నారో, అది ఎక్కడికి వెళుతుందో, ఎవరు వింటారో వారికి అర్థమయ్యేలా చెప్పండి. పేరు వేయమంటారో వద్దంటారో అడగండి. వారి సమయానికి డబ్బు ఇవ్వండి. రికార్డింగు ప్రతి ఒకటి వారికి ఇచ్చి రండి. మీకు పట్టా వస్తుంది, వారికి ఏమి వస్తుంది? ఈ ప్రశ్న మీ మనసులో ఎప్పుడూ ఉండాలి.

నియమాల గురించి త్వరగా చెప్పేస్తాను, అవి మీ అందరి దగ్గరా కాగితం మీద ఉన్నవే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నియమాల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. మహిళలకు మరో రెండేళ్ళ వరకు సడలింపు ఇవ్వవచ్చు. గ్రంథచౌర్యం మీద 2018 నియమాలు ఉన్నాయి. పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై మధ్య ఉంటే ఆరు నెలల లోపు సవరించి మళ్ళీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు. అరవై దాటితే నమోదు రద్దు. తెలుగులో రాస్తున్నాం కదా, యంత్రం పట్టుకోదులే అని ఎవరైనా ధైర్యం చెబితే ఆ ధైర్యం తీసుకోకండి. మీ గ్రంథం రేపు శోధగంగలో, అంటే దేశంలోని సిద్ధాంత గ్రంథాలను ఉంచే వెబ్‌సైటులో, అందరికీ తెరిచి ఉంటుంది. అసలు రాసినవారు చదువుతారు.

శోధగంగ అన్నాను కదా, దాన్ని మరో పనికి వాడుకోండి. మీ అంశానికి దగ్గరగా వచ్చిన గ్రంథాలు దించుకుని, ముందు చివరి అధ్యాయం చదవండి. వారు ఏమి తేల్చారు? ఏ రికార్డింగు వినలేదు? ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారు? మీరు అక్కడి నుంచి బయలుదేరవచ్చు. డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం మీకు ఇంత దగ్గరలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అంత పాత విశ్వవిద్యాలయపు గ్రంథాలయం, అలమరల మధ్య నిలబడి పుస్తకాలు తిరగేయండి. వెతికిన పుస్తకం పక్కనే వెతకని పుస్తకం దొరుకుతుంది.

రాసే భాష గురించి. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా నాకు అభ్యంతరం లేదు. 'వారి గానం అమృత ప్రవాహం', 'శ్రోతలను ఆనంద సాగరంలో ఓలలాడించింది', ఇలాంటివి రాయకండి. సన్మాన సభలో వీటికి చోటు ఉంది. ఇక్కడ లేదు. ఆ వాక్యం ఏ విద్వాంసుడి గురించైనా రాయవచ్చు కదా? ఎవరికైనా సరిపోయే వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పదు. దాని బదులు ఇలా రాయండి: 'పల్లవిని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు పంచమం మీద ఆగారు. రెండోసారి పంచమాన్ని తాకకుండా ధైవతం నుంచి మధ్యమానికి జారారు. మూడోసారి మళ్ళీ పంచమం మీద నిలిచి, అంతకుముందు నిలవని నాలుగు అక్షరకాలాలు అక్కడ నిలిచారు.' ఇందులో ఒక్క పొగడ్త లేదు. చదివినవారికి ఆ పాట వినాలనిపిస్తుందా, లేదా? అది మన భాష. అందం అన్న మాట వాడకుండా అందం ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం.

అలాగే మొదటి అధ్యాయం ముందు రాయకండి. మీరు విని స్వరలిపిలో రాసుకున్న మూడు నిమిషాల పాట దగ్గర మొదలుపెట్టండి. దాన్ని వివరిస్తూ పది పేజీలు రాయండి. ఆ పది పేజీల్లో మీకు ఏ చరిత్ర అవసరం పడిందో, ఏ లక్షణ శ్లోకం అవసరం పడిందో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. ఆ కాగితమే మీ మొదటి అధ్యాయం. సామవేదం అందులో ఉంటే ఉంచండి. లేకపోతే వదిలేయండి, సామవేదానికి లోటేమీ రాదు.

సాధన మానకండి. గ్రంథం రాస్తున్నామని తంబూరా పక్కన పెట్టేవారిని చూస్తున్నాను. పొద్దున గంట పాడి కూర్చున్న రోజు రాసిన పేజీకి, పాడకుండా రాసిన పేజీకి తేడా నాకు చదివితే తెలుస్తుంది. చెవి మొద్దుబారితే మీ ఆధారమే పోయినట్టు.

ఇక మీ ప్రశ్నలు. చెప్పమ్మా. కాస్త గట్టిగా... మౌఖిక పరీక్షలో పాడి చూపించవచ్చా అని అడుగుతోంది. తప్పకుండా పాడవచ్చు. పాడాలి కూడా. పరీక్షకులకు, అధ్యక్షులకు ముందే తెలియజేసి అనుమతి తీసుకోండి. ఏ ప్రయోగం ఎన్నో పేజీలో ఉందో చిన్న పట్టిక తయారుచేసుకుని వారి చేతికి ఇవ్వండి. రికార్డింగు ముక్కలు వరుసగా కత్తిరించి ఒకచోట పెట్టుకోండి, అక్కడ వెతుక్కోకూడదు. స్పీకరు మీరే తీసుకువెళ్ళండి, గదిలో ఉంటుందని నమ్ముకోవద్దు. మీ శ్రుతిని రికార్డింగు శ్రుతికి సరిచేసుకుని ఉంచండి, వారు వినిపించమన్న వెంటనే మీరూ అదే శ్రుతిలో అందుకోవాలి. ముందు రికార్డింగు, ఆ వెంటనే మీ గొంతు, ఆ తరువాత మీ కాగితం. ఈ వరుసలో చూపించండి. ఇంకెవరు? ఆ చివర బాబు చెయ్యెత్తాడు, అడుగు నాయనా.